ఒక డిస్కు, ఎన్ని వాటాలు?

మొన్నటి దసరా సెలవుల్లో మన కళాశాల రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు జడ్చర్ల నుండి బస్సెక్కి మా యింటికి వచ్చినాడు. ఉపకారవేతనం సంగతో, పరీక్ష ఫీజు సంగతో అయి ఉంటుందనుకున్నాను. అది కాదు. ఇంటికి ఒక పాత కంప్యూటరు కొంటున్నారట. దుకాణంలోని కుర్రవాడు విండోస్ ఎక్కిస్తూ, "హార్డ్‌డిస్కును ఎన్ని డ్రైవులు చేయమంటరు?" అని అడిగినాడట. నాలుగు చేయమన్నారు తండ్రి. యంత్రానికి ఒకటి, ముగ్గురు పిల్లలకు తలా ఒకటి అయితే రేపు తగాదా ఉండదని ఆయన ఆలోచన. ఈ రోజుల్లో ఎవరూ విభజించడం లేదు, ఒక్కటే ఉంచుదామన్నాడు అన్న. దుకాణం కుర్రవాడు ఇద్దరి మాటా విని, "మీరు తేల్చుకొని రాండ్రి" అని కంప్యూటరును పక్కన పెట్టినాడు. "మీరేమంటారు సార్?"

తెలుగు పాఠం చెప్పుకునే నన్నెందుకు అడిగినాడో మొదట అర్థం కాలేదు. ఒకనాడు తరగతిలో నేను పోగొట్టుకున్న పదాల సంగతి చెప్పినానట. అది గుర్తు పెట్టుకొని వచ్చినాడు. ఈ విషయంలో నాకున్న అర్హత కూడా అంతమాత్రమే. నేను నష్టపోయినవాణ్ణి. కంప్యూటరు శాఖ మిత్రులొకరు ఈ వ్యాసాన్ని ముందుగా చదివి రెండు తప్పులు దిద్దినారు. ఇంకా మిగిలినవి ఉంటే అవి నావే.

నా అభిప్రాయం మొదటనే చెప్పుకొంటాను. విభజన మీద నాకు విరోధం లేదు. విభజించినాము కనుక భద్రంగా ఉన్నామనుకునే భ్రమ మీదనే నా విరోధం.

ఈ ప్రశ్న ఇప్పుడు అనేకమంది విద్యార్థుల ఇండ్లలోనికి వచ్చింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మన ఇండ్లలో ఉన్న కంప్యూటర్లలో చాలా భాగం పాతవి, కొన్ని రెండు చేతులు మారి వచ్చినవి. వాటిలో అనేకం విండోస్ 11 కోరే లక్షణాలు లేనివి. కనుక కొందరు లినక్సు వైపు చూస్తున్నారు, కొందరు కొత్త డిస్కు వేయించుకుంటున్నారు, కొందరు ఉన్నదానినే తుడిచి మళ్ళీ ఎక్కించుకుంటున్నారు. ఈ మూడు దారులలోనూ ఒక తెర మీద ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఆ తెర దగ్గర మనం పొరపాటున ఒక మీట నొక్కితే పదేండ్ల ఫోటోలు పోవచ్చు.

ఇంతకూ విభజన అంటే డిస్కులో ఏమి జరుగుతుంది? మన ప్రాంతం వారికి ఇది సులభంగానే బోధపడుతుంది. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, ఉమ్మడి నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా ఏర్పడింది. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వేరయినవి. షాద్‌నగర్ ప్రాంతం రంగారెడ్డిలో చేరింది. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా కూడా వచ్చింది. ఆ రోజున కృష్ణానది పక్కకు జరగలేదు, దేవరకొండ గుట్ట కదలలేదు. మారినది పటం. ఏ గ్రామం ఏ జిల్లాదని రాసి ఉన్న రికార్డు మారింది.

డిస్కులో కూడా అంతే. పాత పద్ధతిలో డిస్కు మొట్టమొదటి సెక్టారులో, 512 బైట్ల చిన్న చోటులో, ఒక పట్టిక ఉంటుంది. ఏ భాగం ఎక్కడ మొదలై ఎంత దూరం పోతుందో అందులో రాసి ఉంటుంది. ఆ పట్టికకు ఉన్నవి నాలుగే వరుసలు. ఎక్కువ భాగాలు కావాలంటే ఒక వరుసను 'విస్తరించిన భాగం'గా చేసి, దాని లోపల మళ్ళీ గదులు కట్టుకోవాలి. ఆ పట్టిక రెండు టెరాబైట్లను మించిన డిస్కును పూర్తిగా కొలవలేదు. ఇప్పటి కంప్యూటర్లు వాడే జీపీటీ అనే కొత్త పట్టికలో విండోస్ 128 భాగాల దాకా అనుమతిస్తుంది. డిస్కు మాత్రం ఒక్కటే. తిరిగే పళ్ళెం, చదివే ముల్లు, నడిపే మోటారు అందులోని భాగాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి.

మర్రిగూడ నల్లగొండ జిల్లాలో ఉన్నది, నారాయణపురం యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. భూగర్భజలంలోని ఫ్లోరైడు మాత్రం ఈ హద్దును ఎరుగదు. నేలకు పట్టిన రోగం పటం మీది గీత దగ్గర ఆగదు. ఈ మాటను పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలని మనవి. నా సొంత కథకు వచ్చినప్పుడు దీనితో పని ఉన్నది.

అసలీ గోడల ఆచారం ఎక్కడిది? ఇష్టపడి చేసుకున్నది కాదు, గత్యంతరం లేక వచ్చింది. 1983లో ఐబీఎం వారి ఎక్స్‌టీ కంప్యూటరుకు ఉన్న డిస్కు 10 మెగాబైట్లు. ఇప్పటి ఫోనుతో తీసిన రెండు మూడు ఫోటోలకు అది చాలదు. ఆ కాలపు డాస్ వ్యవస్థ ఒక భాగంలో 32 మెగాబైట్లకు మించి లెక్కించలేకపోయేది. 40 మెగాబైట్ల డిస్కు కొన్నవాడు దానిని రెండు చేయక తప్పేది కాదు. తరువాత ఆ హద్దు రెండు గిగాబైట్లకు పెరిగింది. 1990ల నడుమ పెద్ద డిస్కులు రాగా మళ్ళీ అదే అవస్థ. పైగా రెండు గిగాబైట్ల భాగంలో ఎంత చిన్న ఫైలు అయినా 32 కిలోబైట్ల గదిని ఆక్రమించేది. ఒక్క నిమ్మకాయ పెట్టడానికి ఒక బస్తా ఇచ్చినట్లు. చిన్న భాగాలు చేసుకుంటే ఆ బస్తా కూడా చిన్నదయ్యేది. 1996లో ఫ్యాట్-32 వచ్చిన పిమ్మట ఈ నిర్బంధం చాలా మటుకు తీరిపోయింది. అయినా ఆచారం ఆగలేదు. విడిభాగాలు కూర్చి అమ్మే కంప్యూటర్ల కాలంలో 40 గిగాబైట్ల డిస్కుకు కూడా సి, డి, ఇ, ఎఫ్ అని నాలుగు వాటాలు వేసి ఇవ్వడం దుకాణాల మర్యాద అయిపోయింది. మొదటి వాటాకు సి అని ఎందుకు పేరు వచ్చిందో ఈనాటి విద్యార్థులకు తెలియకపోవచ్చు. ఏ, బి అక్షరాలను ఫ్లాపీల కోసం అట్టిపెట్టినారు. ఫ్లాపీలు గతించినవి, ఆ రెండు అక్షరాలు మాత్రం ఇంకా ఖాళీగా కూర్చొని ఉన్నవి.

విభజన వలన లాభం లేదని నేనను. ఒక పెద్ద లాభం ఉన్నది. విండోస్ పాడైనప్పుడు సి భాగాన్ని మాత్రం తుడిచి తిరిగి ఎక్కించవచ్చు. డి భాగంలోని పాఠాలు, ఫోటోలు చెక్కుచెదరవు. నా విషయంలో ఇది నిజంగానే జరిగింది. 2012 ప్రాంతంలో ఎం.ఏ. చదివే రోజుల్లో డిండి వాగు చుట్టుపక్కల ఊళ్ళలోని మాండలిక పదాలు సేకరించేవాణ్ణి. రైతు ఇంట్లో, వంటింట్లో, కుమ్మరి వాములో పలికే పదాలు. ఆరు వందలకు పైగా చేరినవి. వాటిని ఇంటి కంప్యూటరులో డి భాగంలో ఉంచినాను. ఎవరిదో పెన్‌డ్రైవ్ నుండి వైరస్ సోకి విండోస్ కూలిపోయింది. దుకాణం వారు సి భాగాన్ని తుడిచి ఇచ్చినారు. డి తెరిచి చూస్తే నా ఫైలు క్షేమం. ఆ రోజు విభజనకు చేతులెత్తి నమస్కరించినాను.

ఫైలు తెరిచేసరికి నమస్కారం సగంలో ఆగింది. తెర మీద తెలుగు లేదు, అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. ఎందుకంటే అప్పటి డీటీపీ ఫాంటుతో కూర్చిన తెలుగుకు ఆ ఫాంటు ఉంటేనే ప్రాణం. ఫాంటేమో సి భాగంలో విండోస్‌తో పాటు తుడిచిపెట్టుకు పోయింది. గోడకు అవతల శరీరం మిగిలింది, ఇవతల ప్రాణం పోయింది. మళ్ళీ ఆ ఫాంటును వెదికి తెచ్చుకోవడానికి నెల పట్టింది. యూనికోడులో తెలుగు 1991 నుండే ఉన్నది. మనం దానిని వాడుకలోనికి తెచ్చుకోవడంలోనే ఆలస్యం చేసినాము. ఉర్దూ విభాగం మిత్రులకు కూడా ఈ మాట చెప్పవలసి ఉన్నది. ఇన్‌పేజ్‌లో కూర్చిన ఫైలును ఏ భాగంలో దాచినా, దానితో పాటు యూనికోడు ప్రతి ఒకటి, పీడీఎఫ్ ఒకటి తీసి పెట్టకపోతే, రేపు ఆ సాఫ్ట్‌వేరు లేని చోట అది తాళం పోయిన పెట్టె.

ఇంకొక సంగతి. డి భాగం చేయించుకున్నవారిలో ఎక్కువమంది తమ పనినంతా డెస్క్‌టాప్ మీదనే పెడతారు. ఆ డెస్క్‌టాప్, ఆ డాక్యుమెంట్స్ ఫోల్డరు, డౌన్‌లోడ్లు, మనం మార్చకపోతే, ఉండేది సి భాగంలోనే. పక్క గది కట్టించి, సామానంతా వసారాలోనే వదిలిపెట్టినట్లు. "సి లో ఏమన్నా ఉన్నదా?" అని దుకాణంవారు అడిగితే, "ఏమీ లేదు, అన్నీ డెస్క్‌టాప్ మీద ఉన్నవి" అని జవాబిచ్చిన పెద్దమనిషిని నేను కళ్ళారా చూసినాను.

ఇక నా రెండవ నష్టం. మొదటి అనుభవంతో బుద్ధి వచ్చి, నేను జాగ్రత్తపరుణ్ణయినాను. పదాల ఫైలు, దానితో పాటు మా నానీ గొంతుతో రికార్డు చేసిన రెండు గంటల మాటలు డి లో ఉంచి, వాటికి నకలు తీసి ఇ లో పెట్టినాను. ఆమె దక్కనీ మాట్లాడుతూ మధ్యలో తెలుగులోనికి జారేది. వ్యవసాయపు మాటలన్నీ తెలుగులో, వావివరుసలన్నీ ఉర్దూలో. ఆ జారుడులోనే నాకు కావలసిన పరిశోధన అంతా ఉన్నది. నెలకొకసారి డి నుండి ఇ కి నకలు చేసేవాణ్ణి. రెండు చోట్ల ఉన్నది కదా అని నిశ్చింత.

ఒక సాయంకాలం కంప్యూటరు నుండి టక్, టక్ అని చప్పుడు వచ్చింది. గడియారం కాబోలుననుకున్నాను. అది డిస్కులోని ముల్లు దారి తప్పి కొట్టుకుంటున్న చప్పుడు. మరునాడు సి లేదు, డి లేదు, ఇ లేదు, ఎఫ్ లేదు. నా రెండు చోట్లూ ఒక్క చోటేనని అప్పుడు తెలిసింది. హైదరాబాదులో డిస్కుల నుండి సమాచారం వెలికితీసే వారిని అడిగితే, అప్పటి నా జీతం కంటె ఎక్కువ అడిగినారు. వస్తుందన్న హామీ లేదన్నారు. అప్పుచేసి ఇచ్చినాను. రాలేదు. అప్పటికి నానీ కాలం చేసి ఏడాదయింది. పదాలు చాలామటుకు మళ్ళీ దొరికినవి. చేతితో రాసుకున్న రెండు నోటు పుస్తకాలు అమ్మ సందూకులో ఉండిపోయినవి కనుక. గొంతు మాత్రం నోటు పుస్తకంలో ఉండదు.

అందుచేత, ఒక డిస్కులోని రెండు భాగాలను రెండు చోట్లుగా లెక్కించవద్దని విద్యార్థులను నేను వేడుకొంటున్నాను. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలలో ముల్లు లేదు, చప్పుడు లేదు. అవి పోయేటప్పుడు నాకు వినిపించిన ఆ టక్ టక్ కూడా వినిపించకపోవచ్చు. పైగా వాటిలో సి ఒకవైపు, డి ఒకవైపు అన్న మాట పేరుకే. ఒకేచోట మళ్ళీ మళ్ళీ రాస్తే ఆ చోటు అరిగిపోతుంది కనుక, లోపలి యంత్రాంగం రాతను చిప్పులన్నిటి మీదా చల్లుకుంటూ పోతుంది. మనం గీసిన గీత దానికి పట్టదు. పాత డిస్కులో పళ్ళెం వెలుపలి అంచు వేగంగా చదవబడుతుంది కనుక సి ని అక్కడ పెట్టడంలో కొంత అర్థం ఉండేది. ఎస్‌ఎస్‌డీలో ఆ అర్థమూ పోయింది.

దొంగల విషయంలోనూ అంతే. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా ఫైళ్ళకు తాళం వేసి సొమ్ము అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు సయితం దాని బారిన పడినవి. అటువంటి వైరస్‌లు తమకు అందిన ప్రతి అక్షరం తలుపునూ తడతాయి. సి తో ఆగి మర్యాదగా వెనుదిరగవు.

తలా ఒక డ్రైవు ఇస్తే తగాదా ఉండదన్న తండ్రిగారి మాటకు వస్తాను. మన ప్రాంతంలో అన్నదమ్ముల పంపకాలు చూసిన కన్నుతో ఆయన ఆ మాట అన్నారు. ఆ పంపకాల ఫలితమూ మనకు తెలుసు. నాలుగెకరాల చెలకను నలుగురు పంచుకుంటే, గట్టు మింగిన భూమి ఎవరికీ కాకుండా పోతుంది. ఒకరి బోరులో నీళ్ళు ఉంటాయి, పక్క మడి ఎండుతుంది. డిస్కులోనూ చెల్లెలి వాటా ఖాళీగా ఉంటుంది, అన్న వాటా సినిమాలతో నిండుతుంది, సి భాగం ఎర్రగీత చూపుతూ నడవనని మొరాయిస్తుంది. అప్పుడు గట్టు జరుపుదామంటే అంత సులభం కాదు. 2007లో విస్టా వచ్చినప్పటి నుండి భాగాన్ని కుదించే, పెంచే సదుపాయం విండోస్‌లోనే ఉన్నది. అయితే పెంచడానికి ఖాళీ చోటు ఆ భాగానికి వెనువెంటనే ఉండాలి. మధ్యలో ఇంకొకరి చెలక ఉంటే సాగదు. వేరే సాఫ్ట్‌వేరుతో మధ్య భాగాన్ని జరపవచ్చు, కానీ జరుపుతున్న గంటలో కరెంటు పోయిందా, ఇటు భూమి పోతుంది, అటు పట్టా పోతుంది.

పోనీ ఏకాంతమైనా దక్కుతుందా అంటే, అదీ లేదు. ఎఫ్ నాదని చెప్పుకున్నంత మాత్రాన అన్న దానిని తెరవలేడని కాదు. ఒకరి కాగితాలు మరొకరు చూడకుండా ఉండాలంటే ఎవరి పేరుతో వారికి వేర్వేరు యూజరు ఖాతాలు, వేర్వేరు పాస్‌వర్డులు పెట్టుకోవాలి. దానికి గోడలతో పని లేదు. చెల్లెలికి ఖాతా లేకుండా చేసి, 'నీకూ ఒక డ్రైవు ఇచ్చినాం కదా' అనే ఇండ్లు కూడా ఉన్నవి. అది వేరే వ్యాసానికి విషయం.

ఇక ఏమి చేయాలన్నది. 256 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంటే ముట్టుకోవద్దు, ఒకే భాగంగా ఉంచి లోపల ఫోల్డర్లు చేసుకోండి. విండోస్ 11కు కనీసం 64 గిగాబైట్ల డిస్కు ఉండాలని మైక్రోసాఫ్ట్ అంటుంది. నడవగా నడవగా అది ఇంకా ఆక్రమిస్తుంది, మిగిలిన కొద్ది చోటును ముక్కలు చేస్తే ఏ ముక్కా పనికి రాదు. చిన్న ఎస్‌ఎస్‌డీతో పాటు పాత పెద్ద డిస్కు కూడా ఉంటే అవి స్వభావతః రెండు, మళ్ళీ గోడలెందుకు? టెరాబైటు డిస్కు ఒక్కటే ఉంటే రెండు చేయడంలో దోషం లేదు. సి కి రెండు వందల గిగాబైట్లకు తగ్గకుండా ఇచ్చి, మిగతాది డి చేసి, డాక్యుమెంట్స్ ఫోల్డరును డి కి మార్పించుకోవాలి. మార్పించుకోకపోతే గోడ దండగ. టెరాబైటు అని కొన్నది తెర మీద 931 గిగాబైట్లుగా కనబడితే దుకాణంవారితో గొడవ పెట్టుకోకండి. తయారీదారు వేయింటితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో లెక్కిస్తుంది. చిన్నచిన్న పేరులేని భాగాలు రెండు మూడు కనిపిస్తే వాటిని చెరిపివేయకండి, కంప్యూటరు లేచి నిలబడడానికి ఆధారం అవే. లినక్సు నేర్చుకోగోరే వారికి మాత్రం విభజన అవసరమే. రెండు వ్యవస్థలు ఒక డిస్కులో ఉండాలంటే దేని భాగం దానికి ఉండాలి. ఆ పనికి పూనుకునే ముందు ముఖ్యమైనవన్నీ బయటి డిస్కులోనికి తీసి, ఆ డిస్కు తీగను ఊడబీకి, ఆ తరువాతనే తెర మీది మీట నొక్కండి.

జడ్చర్ల విద్యార్థికి నేను ఇదే చెప్పినాను. నాలుగు వాటాలు వేయించే ఆలోచన మాని, ఆ ఉత్సాహంతో ఒక చిన్న బయటి డిస్కు కొనమన్నాను. తండ్రి కొంత విముఖంగానే ఒప్పుకున్నారట. "ఖాళీగా బీరువాలో పెట్టడానికి పైసలెందుకు?" అని అడిగినారట. ఆయన ప్రశ్న సమంజసమే. పాడు కానంత కాలం అది దండగ ఖర్చుగానే కనబడుతుంది. ఇప్పుడు ఆ ఇంట్లో రెండు భాగాలు, మూడు ఖాతాలు, బీరువాలో ఒక డిస్కు ఉన్నవి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ప్రయోగశాలలోని కంప్యూటర్లలో విభజన ఉండవలసిందే. ఎందరో విద్యార్థుల చేతులు పడే యంత్రం తరచుగా పాడవుతుంది, సి ని తుడిచి గంటలో తిరిగి నిలబెట్టే ఏర్పాటు అక్కడ న్యాయం. అయితే మన వార్షిక సంచికల పాత ఫైళ్ళు, ఉర్దూ, తెలుగు రెండు భాగాలవీ, కార్యాలయంలోని ఒకే కంప్యూటరులో డి భాగంలో ఉన్నవి. వాటి నకలు ఎక్కడ ఉన్నదని మొన్న అడిగినాను. "ఇ లో ఉన్నది సార్" అన్నారు. నాకు మా యింట్లోని ఆ చప్పుడు వినబడింది. వచ్చే బడ్జెటులో రెండు బయటి డిస్కులకు అనుమతి ఇచ్చి, వాటిలో ఒకటి కళాశాల ఆవరణకు వెలుపల, కమిటీ సభ్యులలో ఒకరి ఇంట్లో ఉంచే ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్ళోనో వేరే ఇంట్లోనో అన్నది కంప్యూటరు వారు పాటించే పాత నియమమే.

అనుమతి వచ్చేదాకా ఈ వ్యాసం ప్రతి ఒకటి నా కంప్యూటరులో, ఒకటి నా బయటి డిస్కులో ఉంటుంది. చేతితో రాసిన చిత్తుప్రతిని ఉర్దూ విభాగం బీరువాలో, పై అరలో పెట్టి వచ్చినాను.